సెషన్‌లో ఏం చెప్పిందో అమ్మకు తెలియాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. కొన్ని నెలలుగా ముభావంగా ఉంటోంది, స్నేహితురాళ్లను కలవడం మానేసింది. డిప్రెషన్ అన్నారు. సైకాలజిస్ట్ దగ్గర నాలుగు సెషన్లయ్యాయి. ఏం మాట్లాడారో తను చెప్పదు, ఆవిడా చెప్పరు. అసలు పని జరుగుతోందా?

జవాబు: నాలుగు సెషన్లకే తేల్చలేమండీ. నిద్ర, తిండి, నెలసరి, చదువు, స్నేహాలు, ఫోను ఇవన్నీ విని సమస్య మూలం పట్టుకోవడానికే మొదటి రెండు మూడు సరిపోతాయి. డిప్రెషన్‌కు ఎక్కువగా చేసే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మెల్లగా మార్చే మాటల చికిత్స) అయితే వారానికొకటి, ఒక్కోటి 45 నుంచి 60 నిమిషాలు, మొత్తం 12 నుంచి 16 దాకా పట్టొచ్చు.

ఇక గుట్టు సంగతి. చెప్పిన మాట సాయంత్రానికి ఇంటికి చేరుతుందని అనుమానం వస్తే ఈ వయసు పిల్ల ‘ఏమో’, ‘తెలీదు’ అంటూనే గంట గడిపేస్తుంది. అందుకే సైకాలజిస్ట్ ఆ మాటలు మీకు చెప్పరు. ప్రాణాపాయం, తనపై హింస, లైంగిక వేధింపు, ఇతరులకు హాని... వీటిని మాత్రం దాచరు. ఈ హద్దులు మొదటిరోజే మీ ఇద్దరికీ చెప్పి ఉండాలి. చెప్పకపోతే ఇప్పుడు అడగండి. నెలకోసారి అమ్మాయి ఎదుటే పదిహేను నిమిషాలు మీతో మాట్లాడమనండి: లక్ష్యాలేమిటి, ఎంతవరకు వచ్చాయి, ఇంట్లో మీరేం చేయాలి.

ఇంటికిచ్చే పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. మంగళవారం ఐదున్నరకు స్నేహితురాలికి పది నిమిషాలు ఫోన్. చేయకముందు మనసు ఎలా ఉందో 0 నుంచి 10లో ఒక అంకె, చేశాక ఇంకో అంకె. 2 కాస్తా 3 అయినా ఫలితమే. ఉత్సాహం వచ్చాక చేద్దామని కూర్చుంటే డిప్రెషన్‌లో అది రాదు. చేస్తూ ఉంటేనే మెల్లగా వస్తుంది. అమ్మ ఆ కాగితం చూసి ‘రాశావా, చేశావా’ అని వెంటపడితే అది ఇంకో హోంవర్క్ అయిపోతుంది, మరుసటి వారం ఖాళీగా తిరిగొస్తుంది. సెషన్ నుంచి వచ్చే దారిలో కూడా ‘ఏమడిగారు?’ అనొద్దు. ‘ఆకలేస్తోందా?’ చాలు.

మొదట్లో కోపం పెరగొచ్చు. అణచుకున్న మాటలు బయటికొస్తున్నాయి మరి. ఆరేడు సెషన్ల తర్వాతా నిద్ర, బడి, గది దాటి రావడం ఏదీ మారకపోతే పద్ధతి మార్చాలేమో సైకాలజిస్ట్‌ను అడగండి. ఆవిడతో మీ అమ్మాయికి కుదరకపోతే వేరొకరి దగ్గరికి వెళ్లడం తప్పేమీ కాదు.

ప్రశ్న: మా చెల్లి చేతిమీద కోసుకున్న గీతలు చూశాను. అడిగితే ఇంకా ఎక్కువవుతుందా?

జవాబు: అవదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అరవొద్దు, ‘ఇంకెప్పుడూ చేయను’ అని ఒట్టు వేయించుకోవద్దు. ఒట్టు తప్పితే ఈసారి దాచేస్తుంది. మందులు, పదునైనవి అందకుండా పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి, ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. చావు ఆలోచన ఉందంటే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పదేపదే గాయపరచుకునేవాళ్లకు అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లైనహాన్ రూపొందించిన డీబీటీ (తీవ్రమైన భావోద్వేగాలను తట్టుకునే నైపుణ్యాలు నేర్పే చికిత్స) బాగా పనికొస్తుంది. టీనేజర్లకు చేసేటప్పుడు అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని ఆ నైపుణ్యాలు నేర్చుకుంటారు.