ప్రమోషన్ వచ్చింది, పని మీద మనసు పోయింది

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ ఉద్యోగం గురించే వచ్చాయి. జీతం చాలడం లేదని రాసినవాళ్లు తక్కువ, పొద్దున లేచి ఆఫీసుకు వెళ్లబుద్ధి కావడం లేదు, ఎందుకో తెలియడం లేదు అని రాసినవాళ్లే ఎక్కువ. ఆ ఎందుకు అన్నదాని కోసమే ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాను. పేర్లు వేయవద్దని అడిగారు కాబట్టి వేయలేదు.

ప్రశ్న: మేడమ్, పన్నెండేళ్లు డిజైన్ విభాగంలో పని చేశాను. డ్రాయింగ్ నా ముందు ఉంటే టైము తెలిసేది కాదు. పోయిన ఏడాది టీమ్ లీడర్‌ని చేశారు. జీతం పెరిగింది, ఇంట్లో అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఆదివారం సాయంత్రం అయితే చాలు గుండెల్లో బరువు. రోజంతా మీటింగులు, వాళ్లకీ వీళ్లకీ సర్దిచెప్పడం. రాత్రి పడుకునేముందు ఇవాళ ఏం చేశానా అని చూసుకుంటే ఏమీ కనిపించదు. నాకు నాయకత్వ లక్షణాలు లేవంటారా?

జవాబు: ఆ మాట తర్వాత చూద్దామండీ. ముందు "చూసుకుంటే ఏమీ కనిపించదు" అని రాశారు చూడండి, మీ బాధంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

డేవిడ్ మెక్‌క్లెలాండ్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. మనుషుల్ని పనిలోకి నడిపించే కోరికల మీదే ఆయన జీవితమంతా పని చేశారు. ఆయన ముఖ్యంగా మూడు కోరికల గురించి చెప్పారు. ఏదైనా బాగా చేయాలి, నిన్నటికంటే ఇవాళ మెరుగ్గా చేయాలి అనే సాధన కోరిక ఒకటి. నలుగురితో కలిసి ఉండాలి, వాళ్లు నన్ను తమ మనిషి అనుకోవాలి అనే అనుబంధ కోరిక ఇంకొకటి. నా మాట వల్ల పదిమంది కదలాలి అనేది మూడోది, దానికి ఆయన అధికార కోరిక అనే పేరు పెట్టారు. మూడూ అందరిలోనూ ఉంటాయి, పాళ్లే వేరు.

సాధన కోరిక ఎక్కువగా ఉన్నవాళ్లు ఎలా ప్రవర్తిస్తారో చూడటానికి ఒక చిన్న ఆట పెట్టేవాళ్లు. నేల మీద ఒక కొయ్య నిలబెట్టి, చేతికి రింగులిచ్చి, ఎంత దూరం నుంచి వేస్తారో మీ ఇష్టం అనేవాళ్లు. కొందరు కొయ్య పక్కనే నిలబడి వేస్తారు, ఒక్కటీ తప్పదు. కొందరు గది చివరికి వెళ్లి విసురుతారు, పడితే అదృష్టం, పడకపోతే అంత దూరం నుంచి ఎవరికైనా పడదు కదా అనుకోవచ్చు. సాధన కోరిక బలంగా ఉన్నవాళ్లు ఈ రెండూ చేయరు. ఒక రింగు వేసి, అది ఎక్కడ పడిందో చూసి, అరడుగు వెనక్కో ముందుకో జరిగి మళ్లీ వేస్తారు. కష్టపడితే పడుతుంది, ఆదమరిస్తే తప్పుతుంది అన్నట్టుండే దూరం వాళ్లకు కావాలి. పడినా తప్పినా అది తమ చేతి వల్లే జరిగిందని తెలియాలి, వెంటనే తెలియాలి.

మీరు పన్నెండేళ్లు ఆ దూరంలో నిలబడి రింగులు వేశారు. గీత సరిగ్గా వచ్చిందో లేదో కళ్లముందే తెలిసేది. ఇప్పుడు మీరు వేసిన రింగు నాలుగు చేతులు మారి, ఆరు నెలల తర్వాత ఎక్కడో పడుతోంది, అది పడిన చప్పుడు కూడా మీకు వినబడటం లేదు. జీతం పెరిగింది నిజమే, కానీ మీకు రోజూ అందే ఆనందం ఆగిపోయింది. ఎంత జీతం పెరిగినా ఆ లోటు దానితో తీరేది కాదు.

ఇక నాయకత్వ లక్షణాల సంగతి. మీలాంటివాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది, మెక్‌క్లెలాండ్ కూడా దీన్ని గమనించారు. పని బాగా వచ్చినవాడికి ఆ పని తానే చేసేయాలనిపిస్తుంది. టీమ్‌లో ఎవరైనా తడబడుతుంటే పక్కన కూర్చుని చెప్పేకన్నా, ఇలా ఇవ్వు నేను చేస్తాను అనేస్తాడు. మీరూ అంటున్నారేమో గమనించుకోండి. అలా అనే ప్రతిసారీ మీకు ఒక పూట హాయిగా గడుస్తుంది, అవతలివాళ్ల చేతిలోంచి మాత్రం రింగు లాక్కున్నట్టవుతుంది.

ఏం చేయాలంటే, పై అధికారితో మాట్లాడి ఒక చిన్న డిజైన్ పని మీ కింద ఉంచుకోండి. రేపటికి కావాలి, మాపటికి కావాలి అనే తొందర లేనిదై ఉండాలి, లేకపోతే మీటింగుల మధ్య అదే కొత్త టెన్షన్ అవుతుంది. దానికి వారంలో ఒక పూట కేటాయించండి. మిగతా రోజుల్లో ఇంటికి బయలుదేరేముందు ఒక్క వాక్యం రాసుకోండి, ఇవాళ నా వల్ల ఎవరి పని ముందుకు కదిలింది అని. కొత్తగా చేరిన అమ్మాయి పోయిన నెల మూడుసార్లు తిరగ్గొట్టించుకున్న డ్రాయింగ్ ఈ నెల ఒక్కసారికే పాసయింది అనుకోండి, అది కూడా మీరు వేసిన రింగే. అయితే దాన్ని మీరు వెతికి చూసుకోవాలి, దానంతటది కనిపించదు. ఆరు నెలలు ఇలా చేశాక కూడా ఆదివారం సాయంత్రాలు అలాగే ఉంటే, మళ్లీ పాత పనికి మార్చమని అడగండి. నలుగురూ ఏమనుకుంటారో అని అక్కడే ఉండిపోయి ఏళ్ల తరబడి నలిగినవాళ్లను నేను చూశాను, మీరు అలా కావద్దు.

ప్రశ్న: ఆఫీసులో చేరి రెండు నెలలైంది. భోజనానికి అందరూ కలిసి లేచి వెళతారు, నన్ను పిలవరు. వాళ్లకొక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో నేను లేను. ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అయినా నిన్న బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. ఇంత చిన్న విషయానికి ఏడుపు రావడం నా బలహీనతేనా?

జవాబు: కాదమ్మా. బలహీనత అని నీకెవరైనా చెప్పి ఉంటే, ఆ మాట ముందు మనసులోంచి తీసేయి.

రాయ్ బౌమైస్టర్, మార్క్ లియరీ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందు పెట్టుకుని, ఒక గుంపుకు చెంది ఉండాలన్నది మనిషికి ప్రాథమిక అవసరమని వాదించారు. ఉంటే బాగుండు అనుకునే కోరిక కాదు, లేకపోతే ఒంటికీ మనసుకూ దెబ్బ తగిలే అవసరం. కిప్లింగ్ విలియమ్స్ అనే ఇంకొకాయన కంప్యూటర్ తెర మీద బంతాట తయారు చేశారు. నువ్వూ, తెర మీద ఇంకో ఇద్దరూ బంతి విసురుకుంటుంటారు. కాసేపయ్యాక ఆ ఇద్దరూ తమలో తామే విసురుకుంటారు, నీకు వేయరు. అంతే ఆట. కొద్ది నిమిషాల్లోనే మనిషికి చిన్నబోయినట్టు అవుతుంది. అవతల ఉన్నది మనుషులు కాదు, కంప్యూటరే బంతి వేస్తోంది అని ముందే చెప్పినా కూడా బాధ కలిగిందని 2004లో వచ్చిన పరిశోధనలో తేలింది. మరి నీ కళ్లముందు నడిచి వెళ్లేది నిజం మనుషులు, అదీ రోజూ.

నా మొదటి ఉద్యోగంలో నా కుర్చీ గుమ్మం పక్కన ఉండేది. వచ్చేపోయేవాళ్లందరూ నా పక్కనుంచే వెళ్లేవాళ్లు, మూడు వారాలపాటు ఒక్కరూ ఆగలేదు. ఒకరోజు లెక్కలు చూసే పెద్దావిడ ఒక ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇక్కడెక్కడో తేడా కొడుతోందమ్మా, నా కళ్లకు ఆనడం లేదు, నువ్వొకసారి చూడు" అన్నారు. అంకెల వరుసలో ఒకచోట 69 ఉండాల్సింది 96 పడింది. పెన్సిల్‌తో చుట్టి చూపించాను. ఆవిడ హమ్మయ్య అని, కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుని, మిగతా పేజీలు నాతోపాటే చూశారు. ఆ రోజు ఆవిడ నన్ను ఇంటి సంగతులు అడగలేదు, కబుర్లు చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం ఆ ఆఫీసు నాది అనిపించింది.

అందుకే నీకు చెప్పేదేమిటంటే, ఆ గుంపులోకి మొత్తంగా దూరాలని చూడకు. ఒక్క మనిషిని ఎంచుకో, పనిలో నిజంగా తెలియని ఒక చిన్న విషయం అడుగు. అడిగినవాళ్లను దూరం పెట్టడం మనుషులకు అంత తేలిక కాదు. రెండు మూడుసార్లు అయ్యాక "నేనూ రావచ్చా?" అని నువ్వే అడుగు, వాళ్లు పిలిచేదాకా ఆగకు. చాలాచోట్ల కొత్తవాళ్లను పిలవకపోవడం పగ కాదు, పాతవాళ్లకు తమ అలవాటులో ఇంకో కుర్చీ వేయాలని తోచదంతే. అయితే పనికి సంబంధించిన సమాచారం కూడా ఆ గ్రూపులోనే తిరుగుతూ నీకు అందకపోతే అది వేరే విషయం. అప్పుడు నీ పై అధికారికి రాతపూర్వకంగా చెప్పు.

ఇది చదువుతున్న పాతవాళ్లకు ఒక విన్నపం. రేపు భోజనానికి లేచేటప్పుడు కొత్తగా చేరినవాళ్ల వైపు ఒకసారి చూడండి.

ప్రశ్న: ఎనిమిది మంది ఉన్న విభాగానికి మేనేజర్‌ని. ఎవరినీ నొప్పించను. ఎవరికి ఇబ్బంది వచ్చినా రూలు పక్కనపెట్టి సాయం చేస్తాను. అయినా వెనకాల నా మీద సణుగుతున్నారని తెలిసి నిద్ర పట్టలేదు. ఇంత మంచిగా ఉంటే ఎందుకిలా?

జవాబు: సార్, మీ మంచితనం నిజమైనదే, మీ ఉత్తరం చదివితేనే తెలుస్తుంది. కానీ ఆ ఎనిమిది మందిలో ఏడుగురి వైపు నుంచి ఒకసారి చూడండి. ఒకరి ఇబ్బంది చూసి మీరు రూలు సడలించిన రోజు, సాయం అందినవాళ్లు ఒక్కరు. మిగతా ఏడుగురికి కనిపించింది మాత్రం రూలు మనిషిని బట్టి మారుతోందని. ఎవరు ముందు వచ్చి గోడు చెప్పుకుంటే వాళ్లకు పని అవుతుంది, నోరు విప్పనివాళ్లకు అవదు.

మెక్‌క్లెలాండ్, డేవిడ్ బర్న్‌హామ్ కలిసి 1976లో మేనేజర్ల గురించి రాసిన వ్యాసంలో సరిగ్గా ఇదే చెప్పారు. అందరికీ నచ్చాలి అన్న కోరికే మిగతావాటిని మించిపోయిన మేనేజర్ మనిషికో మినహాయింపు ఇస్తాడు, దాంతో కింద పనిచేసేవాళ్లకు ఇక్కడ న్యాయం లేదు అనిపిస్తుంది, రేపు ఏం జరుగుతుందో తెలియదు అనిపిస్తుంది. దానికన్నా, తన సొంత గొప్పకోసం కాక సంస్థ పని జరగడం కోసం అధికారాన్ని వాడేవాడి దగ్గర మనుషులు స్థిమితంగా ఉంటారని వాళ్ల వాదన.

మీరు కఠినంగా మారక్కర్లేదు. సాయం చేసే పద్ధతిని అందరి ముందూ పెట్టండి: ఏ ఇబ్బందికి ఎన్ని రోజుల వెసులుబాటు, ఎవరిని ఎలా అడగాలి అన్నది. అప్పుడు నోరు లేనివాళ్లకూ అది అందుతుంది. ఎవరికైనా కాదు అని చెప్పాల్సివస్తే కారణం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. ఆ ఒక్క రాత్రి మీకు నిద్ర పట్టకపోవచ్చు.

ప్రశ్న: మా వాళ్లు ఇష్టంగా చేసే పనికి అదనంగా డబ్బు పెట్టాం. మూడు నెలల తర్వాత ఆపేశాం. ఇప్పుడు ఆ పని ఎవరూ ముట్టుకోవడం లేదు.

జవాబు: 1971లో ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులతో ఇలాంటిదే చేసి చూశారు. పజిల్ పరిష్కరించినందుకు కొందరికి డబ్బిచ్చి, తర్వాత ఆపేస్తే, ఖాళీ సమయంలో వాళ్లకు ఆ పజిల్ మీద ఆసక్తి తగ్గింది. ఇష్టంతో చేసే పని కాస్తా డబ్బు కోసం చేసే పనిగా మారిపోయింది. దీన్ని పట్టుకుని జీతాలు పెంచనక్కర్లేదు అనే యజమానులతో నేను ఒప్పుకోను, కడుపు నిండని మనిషికి ఇష్టం గురించి చెప్పడం అన్యాయం. న్యాయమైన జీతం ఇచ్చి, ఆ పని ఎలా చేయాలో మళ్లీ వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. బాగా చేసినప్పుడు ఏది బాగుందో విడమరచి చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఏదో వెళ్తాడు, వస్తాడు. సాధించాలన్న తపన పుట్టుకతో రావాల్సిందేనా, నేర్పితే వస్తుందా?

జవాబు: నేర్పితే వస్తుందా అని పరీక్షించి చూసిన చోటు మన కాకినాడే అమ్మా. 1964లో మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ చిన్న వ్యాపారస్తులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి కొద్ది రోజుల శిక్షణ ఇచ్చింది. డబ్బివ్వలేదు, యంత్రాలివ్వలేదు. తమ గురించి తాము ఆలోచించుకోవడం, అందీ అందనట్టుండే లక్ష్యం పెట్టుకోవడం, ఎంతవరకు వచ్చామో లెక్క చూసుకోవడం, ఇవే నేర్పారు. తర్వాతి రోజుల్లో, శిక్షణ పొందనివాళ్లకంటే వీళ్లు వ్యాపారంలో చురుగ్గా కదిలినట్టు కనిపించింది. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఈ వివరాలన్నీ పుస్తకంగా తెచ్చారు.

కానీ ఆ వచ్చినవాళ్లు వ్యాపారస్తులన్నది మరిచిపోకూడదు. ఇంటికెళ్లాక ఏదైనా మార్చాలంటే మార్చగల వీలు వాళ్ల చేతిలో ఉంది. మీ అబ్బాయికి ఆఫీసులో సొంతంగా నిర్ణయించే పని ఏదైనా ఉందా? ప్రతిదీ ఎవరో చెబితే చేయాల్సివచ్చే చోట ఎంత తపన ఉన్నవాడైనా నెమ్మదిగా ఆరిపోతాడు. అందుకని ఎందుకురా ఇలా ఉన్నావు అని అడగకండి. ఈ వారం చేసినవాటిలో నీకే బాగా చేశాను అనిపించింది ఏమైనా ఉందా అని అడగండి. ఉందంటే దాని గురించి చెప్పనివ్వండి, మధ్యలో సలహా ఇవ్వకండి. లేదంటే, ఏ పని నీ చేతికిస్తే బాగుండునని అడగండి. జవాబు అప్పటికప్పుడు రాకపోవచ్చు, రెండేళ్లుగా ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు.