ఆదివారం పిల్లల్ని ఎక్కడికి తీస్కపోవాలి?

ప్రశ్న: అక్కా, మేం తిరుపతిలోనే ఉంటాం, పిల్లలకి 4, 9 ఏళ్లు, ఆదివారం వస్తే మాల్ తప్ప ఇంకేం తోచదు. ఎక్కడికి పోవచ్చు?

జవాబు: ముందు ఎస్వీ జూకి పొండమ్మా, 1987లో పెట్టింది, శేషాచలం కొండల కిందే, చాలా పెద్దది, చిన్నోడు అంత దూరం నడవలేడు కాబట్టి లోపల తిరిగే బండి ఎక్కేయండి, ఎండ ముదరకముందే పోవాల, మధ్యాహ్నమైతే జంతువులన్నీ నీడకి పోయి పడుకుంటాయి. పెద్దోడికి మాత్రం చంద్రగిరి కోట చూపించాల్సిందే. రాజమహల్ 3 అంతస్తులూ కట్టెముక్క లేకుండా కట్టారని చెప్తే మావాడు నోరు తెరిచి పైకప్పే చూస్తా నిలబడిపోయినాడు, నాకు భలే ముచ్చటేసింది! లోపలి మ్యూజియం శుక్రవారం మూత. వానొస్తే అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్ ఉండనే ఉంది.