నెలలు నిండని పాప ఎన్ఐసీయూలో ఉంటే... తల్లి ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: మా పాప 29 వారాలకే పుట్టింది. నా భార్యకు బీపీ బాగా పెరగడంతో అత్యవసరంగా సిజేరియన్ చేశారు. పుట్టినప్పుడు పాప బరువు 1,150 గ్రాములు. ఇప్పుడు 18 రోజులు, ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగం)లోనే ఉంది. మొదటి వారంలో 1,040 గ్రాములకు తగ్గి, తర్వాత 1,230కి పెరిగింది. నిన్న మళ్లీ 20 గ్రాములు తగ్గిందన్నారు. సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) తీసేసిన రెండు రోజులకే మళ్లీ పెట్టారు. ఆక్సిజన్ 92 దగ్గరే ఉంటోంది, 100కి ఎందుకు పెంచరో తెలియడం లేదు. పొట్ట ఉబ్బిందని ఒకరోజు పాలు ఆపారు. నా భార్య 60 కిలోమీటర్ల దూరంలో పుట్టింట్లో ఉంది. పాలు తగ్గిపోయాయంటోంది. పాప ఎప్పుడు ఇంటికి వస్తుంది? రోజూ డాక్టర్‌ను ఏమి అడగాలి?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ ప్రశ్నలకంటే ముందు, మీరు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర ఆగాలి. పాప ఒకచోట ఉంది, తల్లి 60 కిలోమీటర్ల అవతల ఉంది. మీరు రాసిన వివరాలన్నింటిలో నన్ను కలవరపెట్టింది అదే. బరువు, ఆక్సిజన్, సీపాప్ గురించి రాసినవన్నీ ఈ వయసు పిల్లల్లో మేము తరచూ చూసేవే. పాపను దగ్గరుండి చూస్తున్న డాక్టర్ల మాటే చివరిది. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

ముందు బరువు. 29 వారాలకు 18 రోజులు కలిపితే ఈ రోజుకు పాప వయసు 31 వారాల 4 రోజులు. లెక్క ప్రకారం ఇంకా దాదాపు రెండు నెలలు కడుపులో ఉండాల్సిన బిడ్డ. ఇలాంటి పిల్లలు మొదటి వారంలో ఒంట్లోని నీరు పోయి 10 నుంచి 15 శాతం బరువు తగ్గుతారు. రెండు వారాలు దాటేసరికి పుట్టిన బరువుకు చేరుకుంటారు. మీ పాప తగ్గింది 10 శాతం లోపే. తిరిగి పుంజుకుంది కూడా. ఇక్కడి నుంచి కిలోకు రోజుకు 15-20 గ్రాముల చొప్పున, అంటే మీ పాప సగటున రోజుకు 18 నుంచి 25 గ్రాములు పెరిగితే చాలు. పాలు ట్యూబ్‌లో పూర్తిగా ఇస్తున్నప్పుడు ఈ బరువున్న పాప రెండు గంటలకోసారి తాగేది సుమారు 15 మిల్లీలీటర్లు. పాలు పట్టాక తూచారా, ముందు తూచారా, చేతికి కట్టిన పట్టీతో తూచారా అన్నదాన్ని బట్టే 20 గ్రాములు అటూఇటూ అవుతుంది. అందుకే నిన్నటితో పోల్చకండి, పోయిన వారం ఇదే రోజు ఎంత ఉందో అడగండి. సాయంత్రం ఫోన్ చేసి బరువు అడిగే బంధువులకు కూడా వారానికి ఒకసారే చెప్పండి. రోజూ ఆ అంకె చెప్పీ చెప్పీ మీరే కుంగిపోతారు.

కోవిడ్ రోజుల నుంచి 95 కంటే తగ్గితే ప్రమాదమన్నది మనందరికీ గుర్తుండిపోయింది. అది పెద్దవాళ్ల లెక్క. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ ఇస్తున్నంతకాలం 90-95 మధ్య ఉంచాలని మేమే చూస్తాం. ఎక్కువైతే కంటి వెనుక రెటీనాలో ఇంకా పూర్తిగా ఏర్పడని రక్తనాళాలు దెబ్బతింటాయి. కాబట్టి 92 దగ్గర ఉంచుతున్నారంటే జాగ్రత్తగా చూస్తున్నారని అర్థం. బయటి ఆక్సిజన్ ఏమీ లేకుండా పాప తనంతట తాను ఊపిరి తీసుకుంటూ 98, 100 చూపిస్తే మాత్రం ఇబ్బంది లేదు.

సీపాప్ మళ్లీ పెట్టడం కూడా వెనకడుగు కాదు. ఊపిరి పీల్చడానికే పాప శక్తి అంతా ఖర్చయిపోతే బరువు పెరగదు. ఊపిరిని నడిపించే మెదడు భాగం ఇంకా పరిణతి చెందకపోవడం వల్ల ఈ పిల్లలు మధ్యలో ఊపిరి తీయడం మరిచిపోతుంటారు. అందుకే కెఫీన్ ఇస్తారు, కాఫీలో ఉండేదే. చాలామందిలో 34-36 వారాల వయసుకు ఇది సర్దుకుంటుంది. రోజూ డాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: నిన్న ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, తనే తేరుకుందా, తట్టి లేపాల్సి వచ్చిందా? తర్వాత, ఎన్ని మిల్లీలీటర్ల పాలు తట్టుకుంటోంది, ఇన్‌ఫెక్షన్ అనుమానం ఏమైనా ఉందా అని అడగండి. ఈ మూడింటికి జవాబులు వస్తే ఆ రోజుకు మీకు కావలసింది దాదాపు తెలిసినట్టే.

పొట్ట ఉబ్బినప్పుడు పాలు ఆపడం ముందుజాగ్రత్త. ఈ పిల్లల పేగులకు వాపు వచ్చి కొన్నిసార్లు కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఆకుపచ్చని వాంతి, మలంలో రక్తం దాని గుర్తులు. ఆ ముప్పును తగ్గించడంలో తల్లిపాలకు సాటి వచ్చేది మరొకటి లేదు. నెలలు నిండకుండా కన్న తల్లి పాలలో మాంసకృత్తులు, రోగనిరోధక పదార్థాలు మరింత ఎక్కువగా ఉంటాయి. అందుకే మీ శ్రీమతి దూరంగా ఉండటం నన్ను బాధిస్తోంది.

పురుడు తీరేదాకా కదలకూడదని, పచ్చి బాలింత ప్రయాణం చేయకూడదని పెద్దలు అంటుండవచ్చు. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ ఈ పాపకు అమ్మ పాలు, అమ్మ ఒంటి వెచ్చదనం కూడా చికిత్సలో భాగమే. బయలుదేరే ముందు ఆమె బీపీ, కుట్లు ఒకసారి చూపించండి. కాన్పు తర్వాత కూడా కొన్ని వారాలు బీపీ పెరగవచ్చు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తల్లులు ఉండేందుకు మంచం లేదా గది ఇచ్చే ఆసుపత్రులు ఉన్నాయి, మొహమాటపడకుండా అడగండి. అది కుదరకపోతే దగ్గర్లో చిన్న గది అద్దెకు తీసుకోండి.

18 రోజులు దాటినా పాలు మళ్లీ పెరుగుతాయి. రోజుకు ఎనిమిదిసార్లు, రాత్రి కనీసం ఒకసారి, చేత్తో గానీ పంపుతో గానీ పిండాలి. మొదట నాలుగు చుక్కలే వచ్చినా అవే నర్సుకు ఇవ్వండి. పథ్యం పేరుతో నీళ్లు తగ్గించవద్దు, దాహం వేసినప్పుడల్లా తాగనివ్వండి. పప్పు, గుడ్లు, కూరలు కడుపునిండా తినాలి. ఈలోగా పాలు చాలకపోతే, హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ఉన్నలాంటి తల్లిపాల బ్యాంకు నుంచి తెప్పించే వీలుందా అని అడగండి.

పాప నిలకడగా ఉంటే, సీపాప్ మీద ఉన్నా సరే, కంగారూ పద్ధతి మొదలుపెట్టవచ్చు. డైపరు, టోపీతో పాపను అమ్మ రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనేలా నిటారుగా పడుకోబెట్టి గుడ్డతో కట్టడమే. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన పరిశోధనలో, పుట్టిన వెంటనే దీన్ని ప్రారంభించిన తక్కువ బరువు పిల్లల్లో మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో వెల్లడైంది. రోజుకు 8 నుంచి 24 గంటలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమ్మ అలసిపోతే మీరు కూర్చోండి. నాన్న గుండె మీద కూడా పాప అంతే హాయిగా నిద్రపోతుంది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఉంగరాలు, గడియారం తీసేసి వెళ్లండి.

ఈ వారంలోనే అడగాల్సిన మరో విషయం కంటి పరీక్ష. 34 వారాల కంటే ముందు గానీ, 2 కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన పిల్లలందరికీ నాలుగు వారాల్లోపు రెటీనా పరీక్ష చేయాలి. మీ పాప 1,200 గ్రాముల లోపు పుట్టింది కాబట్టి రెండు, మూడు వారాలకే కావాలి. ఒకసారి బాగుందన్నాక మానేయవద్దు, ఇక చాలని కంటి డాక్టర్ చెప్పేదాకా వెళ్లాలి. సమయానికి చూడకపోతే పోయిన చూపు తిరిగి రాదు.

ఇంటికి ఎప్పుడంటే, తేదీ చెప్పలేను. నోటితో పాలు తాగుతూ, వెచ్చదనం నిలుపుకుంటూ, రోజూ బరువు పెరుగుతూ, కెఫీన్ ఆపాక కొన్ని రోజులు ఊపిరి ఆగకుండా ఉంటే పంపుతారు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదిరేది 32-34 వారాల తర్వాతే. అన్నీ సవ్యంగా సాగితే ఇంకో నెల అటూఇటూ పట్టవచ్చు.

వచ్చాక పాప ఉన్న గదిలో సాంబ్రాణి పొగ వేయవద్దు, ఆ ఊపిరితిత్తులు ఓర్వలేవు. వస, తేనె, ఆముదం నాకించవద్దు. టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే వేయించండి. మెడ నిలపడం, కూర్చోవడం మాత్రం డెలివరీ కావాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టుకోండి. పాలు తాగడం తగ్గినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.