2017 క్రెటా డీజిల్ ఆటోమేటిక్‌లో ఏ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోయించాలె?

ప్రశ్న ఇది: 2017 క్రెటా డీజిల్ ఆటోమేటిక్, లక్ష కిలోమీటర్లకు దగ్గర పడ్డది. షోరూమ్‌లో “గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైం, ముట్టకుండ్రి” అంటున్నరు. ఆటోనగర్‌ల మెకానిక్ “ఎర్ర ఆయిల్ ఏదైనా ఒకటే, పవర్ స్టీరింగ్‌కు పోసేదే దీనికీ పోద్దాం” అంటున్నడట. ఎవరి మాట వినాలె?

అన్నా, ఇద్దరి మాటా వద్దు. మీ బండిల ఉన్నది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) ఆటోమేటిక్. దానికి హ్యుందాయ్ చెప్పిన ఏటీఎఫ్ ఎస్‌పీ-4. కంపెనీ డబ్బా అయితే ఇంకేం ఆలోచించే పని లేదు. బయటి బ్రాండ్ తీసుకుంటే డబ్బా వెనుక ఎస్‌పీ-4 అని రాసి ఉండాలె. “అన్ని ఆటోమేటిక్‌లకు” అన్న ఒక్క మాట సరిపోదు. దుకాణంల ఎస్‌పీ-3 కూడా దొరుకుతది, అది పాత గేర్‌బాక్సులది. డబ్బా మీద రోమన్ అంకెలుంటయి (III, IV) కాబట్టి తొందరల మూడు నాలుగైతది. విప్పే ముందు మీరే ఒకసారి చదువుకోండ్రి.

ఎరుపు రంగు అనేది కలిపిన రంగు మాత్రమే, బండి కింద చుక్క పడితే ఇంజన్ ఆయిలా, గేర్‌బాక్స్‌దా అని తెలిసేటందుకు. డెక్స్‌రాన్-3 అనే పాత రకం ఏటీఎఫ్ ఎర్రగనే ఉంటది, ఎస్‌పీ-4 ఎర్రగనే ఉంటది. కానీ 100 డిగ్రీల వేడిల మొదటిదాని చిక్కదనం ఏడు సెంటీస్టోక్స్ పైన, రెండోది ఆరు దరిదాపుల. అంతకన్నా ముఖ్యం లోపల క్లచ్ ప్లేట్ల పట్టు. ఎంత జారాలె, ఎప్పుడు పట్టాలె అన్నది ఆయిల్‌ల కలిపిన మందుల మీద ఆధారపడి ఉంటది, గేర్‌బాక్స్ కంప్యూటర్ ఆ లెక్క మీదనే ప్రెషర్ ఇస్తది. ఇంకొకటి, మీ క్రెటాకు స్టీరింగ్ కరెంటుది, దాంట్ల ఆయిలే ఉండదు. ఆ మెకానిక్ ఈ బండి ఎక్కువ విప్పినట్టు లేదు.

మా బావమరిది బండి కూడా ఇదే మోడల్, ఉండేది కరీంనగర్‌ల. అక్కడొక గ్యారేజ్‌ల మామూలు ఎర్ర ఏటీఎఫ్ పోసిన్రు. గేర్లు మంచిగనే పడ్డయి గానీ, హుజూరాబాద్ మీదుగా మా ఇంటికి వస్తుంటే అరవై డెబ్బై స్పీడ్‌ల, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గ ఉన్నప్పుడు, గరుకు రోడ్డు మీద పోయినట్టు సన్నగ వణుకుడు మొదలైంది. ఇంజన్ మౌంట్లు అన్నరు, టైర్ బ్యాలెన్సింగ్ అన్నరు. అది టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తోని నేరుగ కలిపేది) సరిగ పట్టక వచ్చే వణుకు. ఎస్‌పీ-4తోని రెండుసార్లు మార్పించినంక తగ్గింది. రెండుసార్లు ఎందుకంటే, మొత్తం ఏడు లీటర్ల పైన పట్టే గేర్‌బాక్స్‌ల డ్రెయిన్ బోల్ట్ విప్పితే దిగేది సగం అటుఇటు. మిగిలింది టార్క్ కన్వర్టర్‌ల, కూలర్ పైపులల్ల ఉండిపోతది. మీరు కూడ ఒకసారి దింపి పోయించి, కొన్ని రోజులు నడిపి, మళ్ల ఒకసారి చేయించండ్రి. ఇన్నేండ్లు ముట్టని గేర్‌బాక్స్‌కు మెషీన్ పెట్టి ప్రెషర్‌తోని కడిగించుడు నాకైతే నచ్చదు.

లైఫ్‌టైం మాటకొస్తే, ఓనర్ మాన్యువల్ వెనుక పేజీలు చూడండ్రి. మామూలు వాడకానికి మార్చే పని లేదంటది, కఠిన వాడకానికి మాత్రం గడువు రాసి ఉంటది. 32 డిగ్రీలు దాటిన వేడిల ట్రాఫిక్‌ల నడుపుడు, దుమ్ము రోడ్లు, ఇవన్నీ ఆ కఠిన వాడకం కిందికే వస్తయి. వరంగల్‌ల మే నెల ఎట్లుంటదో మీకు నేను చెప్పాలెనా? ఇంక మేడారం జాతరప్పుడు తాడ్వాయి దాటినంక గంటలకొద్ది ఒకటో గేర్‌ల పాకిచ్చుడంటే ఆయిల్‌ను కాల్చుడే.

ఆయిల్ సరైనదే అయినా పోసే పద్ధతి తప్పితే లాభం లేదు, మన దగ్గర ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడనే. ఈ గేర్‌బాక్సులకు డిప్‌స్టిక్ ఉండదు. లెవల్ చూసే బోల్ట్ ఒకటి ఉంటది. బండి సమానంగ లేపి, ఇంజన్ నడుస్తుండగ, ఆయిల్ వేడి మీ బండికైతే 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఆ బోల్ట్ విప్పాలె. సన్నని ధార వచ్చి చుక్కలకు తగ్గితే లెవల్ సరి. వేడి ఎక్కువున్నప్పుడు విప్పితే ఆయిల్ ఉబ్బి ఉంటది, అవసరమున్నది కూడ బయటికి పోతది, చల్లారినంక తక్కువ పడతది. కాబట్టి హైవే మీద నడుపుకుంట పోయి పోంగనే పని మొదలుపెట్టనీయొద్దు. స్కానర్ పెట్టి ఏటీఎఫ్ టెంపరేచర్ చూపించమనండ్రి. స్కానర్ లేదంటే ఇంకో గ్యారేజ్ చూసుకోండ్రి. మా ఇన్నోవా క్రిస్టాకు ఇది ఇంకా తిప్పలు: దానిల టయోటా డబ్ల్యూఎస్ పడతది, లెవల్ చూడాల్సింది 40 డిగ్రీల దగ్గర. ఎండకాలం మధ్యాహ్నం ఇంజన్ ఆన్ చేయకముందే గేర్‌బాక్స్ ఆ వేడికి చేరుకుంటది! అందుకే రాత్రి బండి గ్యారేజ్‌లనే పెట్టి వస్త, వాళ్లు తెల్లారంగ చేస్తరు.

దింపిన ఆయిల్‌ను కొలత డబ్బాల పట్టించి, ముందుగాల అంతే పోయించండ్రి, లెవల్ సంగతి తర్వాత. వాసన కూడ చూడండ్రి. ముదురు గోధుమ రంగుంటే ఫర్వాలేదు. నల్లగ ఉండి మాడు వాసన కొట్టి, దానికి తోడు గేర్ జారుతుంటే మాత్రం కొత్త ఆయిల్‌తోని బాగుకాదు, ముందు గేర్‌బాక్స్ తెలిసినోళ్లకు చూపించాలె.

ఇది చదివే వేరేవాళ్లకు ఒక మాట. 2020 తర్వాతి క్రెటా 1.5 పెట్రోల్ (టర్బో కానిది) ఆటోమేటిక్ అయితే అది ఐవీటీ, అంటే సీవీటీ (గేర్ల మెట్లు లేకుండ మారేది), దానికి ఎస్‌పీ-4 పోయొద్దు, సీవీటీ ఆయిల్ వేరే ఉంటది. బ్రెజా డీజిల్ ఏఎంటీ లాంటివి లోపల మాన్యువల్ గేర్‌బాక్సులే, వాటికి ఏటీఎఫ్ పనే లేదు. బిల్లు ఇచ్చే దుకాణంల సీల్ ఉన్న డబ్బాలే తీసుకోండ్రి, ఖాళీ అయినయి గ్యారేజ్‌ల వదలకుండ ఇంటికి తెచ్చుకోండ్రి.