ఐరన్ మాత్రలు మానేశాక చార్టు ఏం చేస్తుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. మాది గుంటూరు. ఇప్పుడు ఐదో నెల. బిడ్డ బాగా ఎదగాలంటే ఏం తినాలో ఒక చార్టు చెప్పండి. మా అత్తగారు కుంకుమపువ్వు పాలు తాగమంటున్నారు, బొప్పాయి ముట్టనివ్వడం లేదు. మధ్యాహ్నం అన్నం తినగానే కాఫీ పడాల్సిందే. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. ఐరన్ మాత్రలతో వికారంగా ఉండి, విరేచనం నల్లగా అవుతుంటే భయమేసి మానేశాను. మెడికల్ షాపులో ఇచ్చిన రక్తం టానిక్ తాగుతున్నాను.

జవాబు: చార్టు సంగతి తర్వాత చూద్దామమ్మా. ఆ 8.6 ఏమిటి, అంత మామూలుగా రాసేశారు? గర్భిణికి 11 గ్రాములైనా ఉండాలి. ఇలాగే వదిలేస్తే నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తగ్గొచ్చు. కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా తట్టుకోవడం మీకు కష్టమవుతుంది.

విరేచనం నల్లగా రావడం ఐరన్ వల్లే, దానికి భయం అక్కర్లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం వెంటనే చూపించుకోండి. వికారం నిజమే. చాలామందికి రాత్రి పడుకునే ముందు వేసుకుంటే తగ్గుతుంది. అప్పటికీ పడకపోతే రకం మార్చవచ్చు, అవసరమైతే సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ ఉంది. ఇవన్నీ మీ డాక్టర్ నిర్ణయించాల్సినవి. మీ అంతట మీరు మానేసి షాపు కుర్రాడు ఇచ్చిన సీసా మొదలుపెట్టడం మాత్రం తప్పు. అందులో ఐరన్ ఎంతుందో లేబుల్ చూడకుండా నేనూ చెప్పలేను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరి సంచుల్లో అంగన్‌వాడీలో ఇచ్చిన మాత్రల అట్టలు ఒక్కటీ చిదమకుండా అలాగే ఉంటాయి. అడిగితే "టానిక్ తాగుతున్నాగా మేడం" అంటారు!

ఇక కాఫీ. టీ, కాఫీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. భోజనానికీ మాత్రకూ గంటా రెండు గంటలు ఎడంగా, రోజుకు ఒకటి రెండు కప్పులు దాటకుండా తాగండి. క్యాల్షియం మాత్రను కూడా ఐరన్‌తో కలిపి మింగొద్దు. పప్పు, ఆకుకూర తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి, లేదా జామకాయ తినండి. రోజూ ఒక గుడ్డు, పాలు, పెరుగు. మాంసాహారులైతే వారానికి రెండు మూడుసార్లు బాగా ఉడికిన చేప, మాంసం. గోంగూర పచ్చడితోనే రక్తం పడుతుందని మన దగ్గర చాలామంది నమ్మకం. తినండి, కానీ 8.6ను అది ఒక్కటే పైకి లాగలేదు. ఇద్దరి తిండీ మీరే తినాలన్న లెక్క కూడా వద్దు.

కుంకుమపువ్వుతో బిడ్డ రంగు మారదు. పాలు మాత్రం తాగండి. పచ్చి బొప్పాయి వద్దు, బాగా పండిన ముక్క రెండు తింటే భయం లేదు.

హిమోగ్లోబిన్ తగ్గడానికి ఐరన్ లోపమే కారణమా, విటమిన్ బి12 లోపమో, తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా అనే రక్త సమస్యో ఉందా అన్నది రక్తపరీక్షలతోనే తేలుతుంది. దూరం నుంచి నేను చెప్పలేను. ఈ వారంలోనే వెళ్లండి. ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే వారం కూడా ఆగొద్దు. వెళ్లేటప్పుడు ఆ టానిక్ సీసా కూడా సంచిలో వేసుకోండి.