ఫోనులో ‘బాగానే ఉన్నాను’ అంటే నమ్మకు

అమ్మాయీ,

ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లినవాళ్ల బాగోగులు ఇకపై నువ్వే చూస్తావని తెలిసి సంతోషించాను. రోగులను సంతృప్తిపరచడం ఎలా అని అడిగావు. ముందు ఆ మాట పక్కన పెట్టు. తనకు జరుగుతున్నది మామూలేనా, అనుమానం వస్తే ఎవరిని అడగాలి? రోగి బెంగంతా ఇదే. అది తీరిస్తే మిగతా లోటుపాట్లను చాలామంది పట్టించుకోరు.

మొదటి ఫోను డిశ్చార్జి అయిన మర్నాడో, ఆ మర్నాడో చెయ్యి. ‘ఎలా ఉన్నారు?’ అని అడిగి ఊరుకోకు. ‘బాగానే ఉన్నానమ్మా’ అంటారు, మర్యాదకు. విడమరిచి అడుగు: రాత్రి నొప్పితో మెలకువ వచ్చిందా? కట్టు తడిసిందా? విరేచనం అయిందా? ఈ చివరిది అడగడానికి మొహమాటపడకు. కొన్ని బలమైన నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. ముక్కితే కుట్లు ఊడతాయేమోనన్న భయంతో మరుగుదొడ్డికి వెళ్లడమే వాయిదా వేసేవాళ్లుంటారు. మనం అడిగితే తప్ప ఆ సంగతి బయటపడదు.

కుట్ల అంచున కాస్త ఎరుపు, దురద మామూలే. ఆ ఎరుపు పాకుతున్నా, చీము గానీ దుర్వాసన గానీ ఉన్నా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా అదే రోజు సర్జన్‌కు చెప్పు. ఒక పిక్క వాచి నొప్పి పెడుతుంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, ఆలస్యం చేయకూడదు. దానికి ఆయాసం తోడైతే నేరుగా అత్యవసర విభాగానికే పంపు. గాయంలో ఇన్ఫెక్షన్ 30 రోజుల వరకూ బయటపడవచ్చు, లోపల కృత్రిమ కీలు వేసినవారికి ఇంకా ఆలస్యంగానూ. అందుకే కుట్లు విప్పగానే ఫైలు మూసేయకు.

‘ఇది డాక్టరును అడిగి చెబుతాను’ అన్నంత మాత్రాన నీ విలువ తగ్గదు. చెబుతానన్న వేళకు చెప్పకపోతే మాత్రం తగ్గుతుంది. జవాబు రాకపోతే, ఇంకా రాలేదనైనా ఫోను చేసి చెప్పు.

‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. మాత్రలు ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో వాళ్ల నోటితోనే చెప్పించు.

ఇక రోగులు మార్కులు వేసి ఇచ్చే అభిప్రాయాల ఫారం. చేతికిచ్చి ఎదురుగా నిలబడకు తల్లీ, నీ ముందు నీకెవరు తక్కువ మార్కులు వేస్తారు? వేరేవాళ్లతో ఇప్పించు, పేరు రాయనక్కర్లేదని చెప్పించు. ‘ఎవరిని అడగాలో తెలియక ఇబ్బంది పడ్డారా?’ అన్న ప్రశ్న ఒకటి అందులో చేర్చమను. నేనైతే ముందు ఆ జవాబులే చదువుతాను, మార్కులు తర్వాత.