హైవే మిగులు స్థలంలో పార్కు: పంచాయతీకి లీజు ఇస్తారా?

ప్రశ్న: నేను గ్రామ సర్పంచ్‌ని. జాతీయ రహదారికి సేకరించిన భూమిలో రోడ్డు పోగా మిగిలిన ముక్క మా ఊరి పక్కన ముళ్లకంపలతో పడి ఉంది. పంచాయతీ తరఫున లీజుకు తీసుకుని పార్కు చేయాలనుకుంటున్నాం. పాత యజమాని కొడుకులేమో వాడని భూమి తమకే ఇచ్చేయాలంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: సర్పంచ్ గారూ, పాత యజమానుల గురించి టెన్షన్ పెట్టుకోకండి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద భూమి కేంద్ర ప్రభుత్వ పరమయ్యాక, వాడలేదన్న కారణంతో వెనక్కి అడగలేరు. ఇలాంటి మిగులు భూమిపైనే కేరళకు చెందిన భాస్కరన్ పిళ్లై కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆ భూమిని వేరే ప్రజా ప్రయోజనానికి వాడుకోవచ్చు. అలాంటి అవసరం లేకపోతే బహిరంగ వేలం వేయాలే తప్ప పాత యజమానికి అమ్మకూడదు. ఊరి పార్కు ప్రజా ప్రయోజనమే కదా.

అసలు చిక్కు లీజు గడువులో ఉంది. 2002 నాటి జాతీయ రహదారుల (భూమి, ట్రాఫిక్) నియంత్రణ చట్టం సెక్షన్ 25 ప్రకారం హైవే భూమిని తాత్కాలిక వాడకానికే లీజుకిస్తారు, అదీ ట్రాఫిక్ భద్రత చూసుకుని. ఒక్కో లీజు 5 ఏళ్లకు మించి చెల్లదు, ఆపై రెన్యువల్ చేయించుకోవాల్సిందే. కాబట్టి కమ్యూనిటీ హాలు, కాంక్రీటు మండపం జోలికి పోవద్దని నా గట్టి సలహా. రేపు రోడ్డు వెడల్పు చేస్తే ఊరి డబ్బంతా మట్టిపాలవుతుంది. మొక్కలు, మట్టి నడకదారి, ఎత్తి పక్కన పెట్టగలిగే బెంచీలు చాలు. పిల్లలు పరుగెత్తుకుంటూ బయటికొస్తారు, గేటు హైవే వైపు కాకుండా ఊరి వైపు పెట్టండి.

ఆ ముక్క మిగులని మనం అనుకుంటే సరిపోదు, విస్తరణ కోసం అట్టిపెట్టి ఉండొచ్చు. సర్వేయర్‌తో కొలిపించి, హద్దు రాళ్లు చూపే స్కెచ్ తీసుకోండి. బైపాస్ పడి ఆ రోడ్డు జాతీయ రహదారుల జాబితాలోంచి పోయి ఉంటే మాత్రం ముందుగా ఆర్ అండ్ బీలో (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) వాకబు చేయాలి.

ఒప్పందంలో ఖాళీ చేయమనే ముందు ఎన్నాళ్ల నోటీసు ఇస్తారో, చెట్లు ఎవరివో స్పష్టంగా రాయించండి. అనుమతి రాకముందే జేసీబీ దింపితే అదే 2002 చట్టం సెక్షన్ 24 ప్రకారం అది ఆక్రమణే, పంచాయతీ అయినా సరే. పంచాయతీ తీర్మానం కాపీ, స్కెచ్ జతచేసి హైవే అధికారులకు దరఖాస్తు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.